కుట్టు మిషనుతో విమానం ఎక్కిన 12 రోజులు

మిషను కూడా తీసుకెళ్తున్నా అంటే ఇంట్లో అందరూ నవ్వారు. 12 రోజుల ట్రిప్, అందులో 7 రోజులు ప్యాచ్‌వర్క్ (చిన్న చిన్న గుడ్డ ముక్కలు కలిపి కుట్టే పని) క్లాసు, మిషను ఎవరిది వాళ్లే తెచ్చుకోండి లేదంటే అద్దెకి ఇస్తాం అన్నారు, కానీ వేరేవాళ్ల మిషను మీద నాకు టెన్షన్ కుదరదు (దారం టెన్షనూ, నా టెన్షనూ). సరే అని పట్టుకుపోయా.

ముందు బరువు గోల. నా మిషను మామూలు మెకానికల్‌ది, 5.8 కిలోలు. చాలా ఎయిర్‌లైన్స్‌లో క్యాబిన్ లగేజీ 7 కిలోలే, చక్రాల ట్రాలీలో పెడదామంటే ఖాళీ ట్రాలీనే రెండున్నర కిలోలు తూగింది, అక్కడే లెక్క తప్పిపోయింది. చివరికి పల్చటి గుడ్డ బ్యాగులో సర్ది, ఫుట్ పెడల్, వైరు తీసి హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నా. 1933లో సింగర్ వాళ్లు ఫెదర్‌వెయిట్ అని అల్యూమినియం బాడీతో 5 కిలోల మిషను ఎందుకు చేశారో ఆ రోజు బాగా అర్థమైంది. పాత ఇనప మిషన్ల జోలికి మాత్రం పోకండి, చేయి ఊడొస్తుంది.

ప్యాకింగ్ గురించి కొంచెం చెప్తా, ఎందుకంటే తర్వాత కథంతా దీనిమీదే నడిచింది. సూది తీసేయాలి, మిషను పాదం (కుట్టేటప్పుడు గుడ్డని నొక్కిపట్టేది) కింద నాలుగు మడతలు పెట్టిన గుడ్డ ముక్క పెట్టి పాదం దించేయాలి, దారపు రీలు పెట్టే పుల్ల ఊడొచ్చే రకం అయితే ఊడదీసి విడిగా పెట్టాలి, చేత్తో తిప్పే చక్రం వైపు ఎక్కువ మెత్త ఉండాలి, బయటికి పొడుచుకొచ్చేది అదే కాబట్టి దెబ్బ ముందు దానికే తగుల్తుంది. మిషను కొన్నప్పటి థర్మోకోల్ ఉంటే బంగారం. నేను ఎప్పుడో పారేశా, రెండు తువ్వాళ్లు చుట్టా.

సెక్యూరిటీలో అనుకున్నట్టే బ్యాగు పక్కకి లాగారు. మోటారు, ఇనుము అంతా ఒక్కచోట నల్లటి ముద్దలా కనిపిస్తుంది కదా స్కానర్‌లో. "ఏంటండీ ఇది" అన్నారు, కుట్టు మిషను అన్నా, తెరిచి చూసి చక్రం ఒకసారి తిప్పి పంపించేశారు, ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. కత్తెర మాత్రం చెక్-ఇన్ సూట్‌కేసులోనే వేశా. అమెరికాలో ఇరుసు నుంచి 4 అంగుళాల లోపు బ్లేడు ఉంటే క్యాబిన్‌లోకి ఒప్పుకుంటారు, యూరప్‌లో 6 సెంటీమీటర్లు, ఒక్కోచోట ఒక్కో రూలు, ఆ తలనొప్పి ఎందుకు. గుడ్డ కోసే రోటరీ కట్టర్ బ్లేడ్లయితే క్యాబిన్‌లో అసలు వద్దు. మిషను ఆయిల్ ఇంట్లోనే వదిలేశా.

రెండో విమానం చిన్నది, పైన అరలో బ్యాగు పట్టదని తలుపు దగ్గరే టోకెన్ కట్టి కిందికి పంపారు. ఇది నేను ఊహించలేదు, గంటన్నర గుండె అరచేతిలో పెట్టుకుని కూర్చున్నా. దిగాక మెట్ల దగ్గరే చేతికిచ్చారు, ఏమీ కాలేదు.

ఇంక బసలు. మొదటి నాలుగు రాత్రులు హోటల్. శుభ్రంగా ఉంది, స్టాఫ్ మంచివాళ్లు, కానీ కుట్టుకి పనికిరాదు. ఉన్న ఒక్క టేబులూ గుండ్రటి గాజుది, పెడల్ తొక్కగానే మిషను నడుచుకుంటూ అంచుకి వెళ్లిపోతుంది. కింద తువ్వాలు మడిచి వేస్తే కొంచెం ఆగింది. పసుపు లైట్లలో నేవీ బ్లూకి నలుపుకి తేడా తెలీలేదు, ఒక వరస మొత్తం తప్పు దారంతో కుట్టేసి మర్నాడు పొద్దున విప్పుకున్నా. రాత్రి తొమ్మిదిన్నరకి రిసెప్షన్ నుంచి ఫోను, పక్క రూము వాళ్లకి ఏదో డ్రిల్లింగ్ మిషన్‌లా వినిపిస్తోందట!

తర్వాత ఎనిమిది రాత్రులు అపార్ట్‌మెంట్. బుక్ చేసే ముందే డైనింగ్ టేబుల్ ఫోటో పంపండి అని ఓనర్‌గారిని అడిగా, ఆవిడ ఇదేం వింత అనుకునుంటారు గానీ పంపారు. బరువైన చెక్క టేబులు, పక్కనే కిటికీ, కుర్చీకి చేతులు లేవు (ఇది ముఖ్యం, మోచేతులు తగలవు), పైగా ఇస్త్రీ పెట్టె, ఇస్త్రీ బల్ల కూడా ఉన్నాయి. ప్యాచ్‌వర్క్‌లో సగం పని ఇస్త్రీదే. హోటల్ కంటే లిఫ్టు చిన్నది, వైఫై ఏడ్చినట్టుంది, అయినా నా ఓటు దీనికే.

క్లాసు రూములో ఒకే లైను మీద పది మిషన్లు, రెండు ఇస్త్రీ పెట్టెలు పెట్టారు, మొదటి రోజే కరెంటు ట్రిప్ అయింది. మిషను లాగేది మహా అయితే వంద వాట్లు, ఇస్త్రీ పెట్టె ఒక్కటే వెయ్యికి పైన. పెట్టెల్ని వేరే గోడకి మార్చాక ఇంక ఏ గొడవా లేదు. వోల్టేజీ నాకు రెండు చోట్లా ఒకటే కాబట్టి పిన్ను మార్చే అడాప్టర్ సరిపోయింది. క్లాసులో ఒకావిడ 110-120 వోల్టుల దేశం నుంచి తెచ్చిన మిషను, ఉత్త అడాప్టర్ పెట్టి 230లో గుచ్చబోతుంటే టీచరు అరిచి ఆపారు, లేకపోతే మోటారు కాలిపోయేది. మిషను కింద రేకు మీద రాసుంటుంది, బయల్దేరే ముందే చదువుకోండి.

తిరుగు ప్రయాణంలో కొంప మునిగింది. కొన్న గుడ్డలన్నీ మిషను చుట్టూ కుక్కా, మెత్తగా ఉంటుందని నా తెలివి, కౌంటర్లో తూకం 8.2. చెక్-ఇన్ చేయాల్సిందే అన్నారు, ఫ్రాజైల్ స్టిక్కర్ అంటించి ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. హడావిడిలో చదవకుండా పెట్టేశా. దిగాక బ్యాగు బెల్టు మీద తలకిందులుగా వచ్చింది. పైకి చిన్న గీత కూడా లేదు, ఇంటికొచ్చి కుడితే నాలుగు కుట్లకి ఒకటి ఎగిరిపోతోంది. సూది మార్చా, దారం మార్చా, అదే కథ. మెకానిక్ చూసి దెబ్బకి హుక్ టైమింగ్ (సూది దిగగానే కింద దారాన్ని అందుకునే కొక్కెం తిరిగే లెక్క) జరిగిందన్నాడు, అరగంటలో సరిచేశాడు.

మాంట్రియల్ కన్వెన్షన్ (అంతర్జాతీయ విమాన ప్రయాణాల ఒప్పందం) ప్రకారం డ్యామేజీ కంప్లయింట్ 7 రోజుల్లోపు రాతలో ఇవ్వాలి, ఐదో రోజున ఇచ్చా. ప్యాకింగ్ సరిగ్గా లేదు, మీరే సంతకం పెట్టారు అని జవాబొచ్చింది. ఎయిర్‌పోర్టులోనే రిపోర్టు రాయించి ఉంటే కాస్త బలం ఉండేది, కానీ అక్కడ ప్లగ్ పెట్టి కుట్టి చూడలేం కదా. ప్లాస్టిక్ చుట్టించుకునే సర్వీసు వాడాల్సింది అని ఫ్రెండ్ అంది. ఆ పల్చటి ప్లాస్టిక్ జిప్పుని కాపాడుతుందేమో గానీ లోపలి హుక్‌ని ఏం కాపాడుతుంది.

నాలుగైదు రోజుల ట్రిప్ అయితే ఈసారి అద్దె మిషనే. వారం దాటితే మాత్రం మళ్లీ నాదే మోస్తా, గుడ్డలు పోస్టులో పంపించి. అద్దెదైనా నా మిషను పాదాలు, బాబిన్లు (కింది దారం చుట్టే చిన్న రీళ్లు) పట్టుకెళ్తా, బాబిన్ సైజు ఏదో ముందే మెయిల్‌లో అడిగి, ఎందుకంటే చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి, పెట్టి చూస్తే గానీ తెలీదు.