గడ్డి మైదానమా, టర్ఫా? స్టేడియానికి ఏది మేలు?

ఆదివారం పొద్దున మాతో ఫుట్‌బాల్ ఆడటానికి కొత్తగా ఎవరొచ్చినా కాసేపటికి ఇదే అడుగుతారు. "మనం హాయిగా టర్ఫ్ మీద ఆడుతున్నాం కదా, అంత డబ్బున్న క్లబ్బులు ఇంకా గడ్డినే పెంచుకుంటూ కూర్చోవడం ఎందుకు?" మొన్న ముగ్గురు ఒకేరోజు అడిగారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

హైదరాబాద్‌లో టర్ఫ్ అంటే ప్లాస్టిక్ గడ్డి పరిచి, గంటల లెక్కన అద్దెకిచ్చే మైదానమే. ఆఫీసు అయ్యాక రాత్రి పదింటికి ఆడొచ్చు, వాన వెలిసిన అరగంటకే ఆడొచ్చు. నాలాంటివాడు ఇంకా ఫుట్‌బాల్ ఆడుతున్నాడంటే దాని పుణ్యమే. పొద్దుటి నుంచి అర్ధరాత్రి దాకా వరసగా బృందాలు దిగితే ఏ గడ్డీ వారం రోజులు కూడా బతకదు. టర్ఫ్‌కు ఎండ అక్కర్లేదు, విశ్రాంతీ అక్కర్లేదు. పెద్ద స్టేడియాల కష్టం కూడా ఇక్కడే ఉంది. 1990 ప్రపంచకప్ కోసం మిలాన్‌లోని సాన్ సిరోకు పై అంతస్తు, కప్పు కట్టాక కిందికి ఎండ, గాలి తగ్గిపోయి గడ్డి సరిగ్గా బతకలేదు. ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ కొత్త గడ్డి పరవాల్సి వచ్చింది. ఖర్చు, శ్రమ, వాడుకునే గంటలు, ఈ మూడింట్లోనూ టర్ఫ్‌దే పైచేయి. ఇందులో వాదించడానికేమీ లేదు.

అయినా స్టేడియానికి గడ్డే మేలంటాను. నా దృష్టిలో తేల్చే విషయం వేరే ఉంది. మ్యాచ్‌లో సగం సమయం అయ్యాక చూడండి. కొందరు తోటపని ఫోర్కులు పట్టుకుని మైదానంలోకి వచ్చి, లేచిన గడ్డి పెళ్లల్ని మళ్లీ నేలకు అదుముతూ తిరుగుతుంటారు. పరిగెత్తే ఆటగాడు ఒక్కసారిగా పక్కకు తిరిగినప్పుడు బూటు అడుగున ముళ్లలా ఉండే స్టడ్స్ నేలలో దిగబడతాయి. ఒంటి బరువు, వేగం అంతా ఆ కాలి మీదే పడుతుంది. గడ్డి అయితే ఒక హద్దు దాటాక వేళ్లతో సహా ఊడి వస్తుంది. పెళ్ల లేస్తుంది, కాలు జారుతుంది, మోకాలు బతుకుతుంది. టర్ఫ్‌లో స్టడ్ పట్టుకుందంటే అంత తేలిగ్గా వదలదు. పాదం అక్కడే ఉండిపోతుంది, పై శరీరం తిరిగిపోతుంది. ఆ మెలిక పడేది మోకాలి ఎముకల్ని కలిపి పట్టే లిగమెంట్ మీద. ఊడిన గడ్డి మళ్లీ మొలుస్తుంది. తెగిన లిగమెంట్‌కు ఆపరేషన్ చేయిస్తే చాలావరకు ఆ సీజన్ పోయినట్టే.

అయితే ఇందులో పేచీ లేకపోలేదు. ఫుట్‌బాల్‌లో జరిగిన అధ్యయనాలు ఒక్క మాట మీద లేవు. మొత్తం గాయాల సంఖ్యలో పెద్ద తేడా లేదని తేల్చినవీ ఉన్నాయి. అమెరికన్ ఫుట్‌బాల్‌లో మాత్రం 2012 నుంచి 2016 దాకా సీజన్ల లెక్కలు తీస్తే, ఎవరూ తగలకుండానే కాలికి అయిన గాయాలు టర్ఫ్ మీద నాలుగో వంతుకు పైగా ఎక్కువున్నాయి. అది వేరే ఆటే, కానీ మోకాలు అదే కదా. అమెరికా క్లబ్ న్యూయార్క్ రెడ్‌బుల్స్‌కు ఆడిన రోజుల్లో ఫ్రాన్స్ ఫుట్‌బాలర్ థియరీ ఆన్రీ మడమ వెనకుండే అకిలిస్ స్నాయువు నొప్పి వల్ల టర్ఫ్ మీద జరిగే మ్యాచ్‌లను చాలావరకు వదిలేసుకునేవాడు.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. పాడైన గడ్డి మంచి టర్ఫ్ కంటే ప్రమాదం. 2015 డిసెంబర్‌లో హవాయిలోని హోనలులులో అమెరికా క్రీడాకారిణి మేగన్ రపినో మోకాలి లిగమెంట్ తెగింది ప్రాక్టీసు కోసం ఇచ్చిన గడ్డి మైదానంలోనే. ఆ వెంటనే అదే ఊళ్లో జరగాల్సిన మ్యాచ్, స్టేడియంలోని టర్ఫ్ ఆడేలా లేదని రద్దయింది. కాబట్టి గడ్డి మేలు అని నేనన్నప్పుడల్లా, ఏడాదంతా మనుషులు కనిపెట్టుకుని ఉండే గడ్డి అనే అర్థం చేసుకోండి.

చర్మం సంగతి నా మోకాలే చెబుతుంది. రెండేళ్ల కిందట బంతి లాక్కోవడానికి నేల మీద జారుతూ స్లైడింగ్ టాకిల్‌కు వెళ్లి దోక్కుపోయింది, ఆ మచ్చ ఇంకా పోలేదు. 2013లో అమెరికా క్రీడాకారిణి సిడ్నీ లెరూ టర్ఫ్ మీద ఆడాక రక్తం చిమ్మిన తన కాళ్ల ఫొటో పెట్టింది. 2015 మహిళల ప్రపంచకప్‌లో 52 మ్యాచ్‌లూ కెనడాలో టర్ఫ్ మీదే జరిపారు. పురుషుల ప్రపంచకప్ ఒక్కటీ అలా జరగలేదు. బ్రెజిల్ మార్తా, అమెరికా ఆబీ వామ్‌బాక్ లాంటి క్రీడాకారిణులు ఇది వివక్ష అని 2014లో ఒంటారియో మానవ హక్కుల ట్రిబ్యునల్‌కు వెళ్లారు. 2015 జనవరిలో కేసు వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఆ అన్యాయం తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధేస్తుంది. 2019, 2023 టోర్నీలు మాత్రం గడ్డి మీదే జరిగాయి.

ఇక వేడి. అమెరికాలో యూటాలోని బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ వాళ్లు 2002లో కొలిస్తే, 37 డిగ్రీల ఎండలో టర్ఫ్ పైభాగం 93 డిగ్రీలకు చేరింది. గడ్డి తనలోని నీటిని ఆవిరి చేస్తూ చల్లబడుతుంది, ప్లాస్టిక్‌కు ఆ దారి లేదు. మన మే నెల మధ్యాహ్నాల్లో టర్ఫ్ మీద కాలు పెట్టినవాళ్లకు నేను వేరే చెప్పాల్సిన పని లేదు.

ఆట తీరు కూడా మారుతుంది. ఇంగ్లండ్‌లో 1981లో క్వీన్స్ పార్క్ రేంజర్స్ క్లబ్ ప్లాస్టిక్ మైదానం వేసింది. తర్వాత లూటన్, ఓల్డమ్, ప్రెస్టన్ క్లబ్బులు కూడా వేశాయి. బంతి ఎగిరే తీరు చూసి, అక్కడ ఆడటానికి వచ్చిన జట్లు గొడవపెట్టాయి. ఆఖరిది 1994లో పోయింది. ఇప్పటి టర్ఫ్ దానికంటే ఎంతో మెరుగు, అయినా డచ్ టాప్ లీగ్ 2025-26 సీజన్ నుంచి టర్ఫ్ వద్దంది. స్కాట్లాండ్ టాప్ లీగ్ 2026-27 నుంచి వద్దని తీర్మానించింది. టర్ఫ్‌లో పోసే రబ్బరు గుళికల అమ్మకాన్ని కూడా యూరోపియన్ యూనియన్ 2023లో తెచ్చిన నిబంధన ప్రకారం 2031 నుంచి ఆపేస్తోంది.

ఈ రెండూ కలిపిన మైదానాన్ని హైబ్రిడ్ అంటారు, అంటే గడ్డి మధ్య ప్లాస్టిక్ పోగులు కుట్టి వేళ్లకు పట్టు ఇవ్వడం. లండన్‌లోని వెంబ్లీ స్టేడియం 2010లో దానికి మారింది. పేరు ఏదైనా అందులో నూటికి తొంభై పాళ్లకు పైగా గడ్డే కాబట్టి నేను దాన్ని గడ్డి లెక్కలోనే వేస్తాను.

"కప్పున్న స్టేడియంలో గడ్డి ఎలా?" అనేవాళ్లకు 1994 ప్రపంచకప్ చాలు. అమెరికాలోని మిషిగన్ స్టేట్ యూనివర్సిటీకి చెందిన ట్రే రోజర్స్ బృందం బయట పెంచిన గడ్డిని ఆరు పలకల పెట్టెల్లో తెచ్చి, పూర్తిగా మూసి ఉండే పాంటియాక్ సిల్వర్‌డోమ్ స్టేడియంలో పరిచింది. 2026 ప్రపంచకప్‌కు ఎంపికైన 16 స్టేడియాల్లో 8 మామూలుగా టర్ఫ్‌వే. ప్రపంచకప్ నడిపే ఫిఫా అన్నిటికీ గడ్డి తప్పనిసరి చేసింది, ఆ పనిలోనూ రోజర్స్ ఉన్నారు. వేడి ప్రాంతాలకు వాడే బెర్ముడా గడ్డి మన వినాయకుడికి పెట్టే గరిక జాతిదే. కణుపు కణుపుకూ వేరు దింపి పాకుతుంది కాబట్టి పెళ్ల లేచిన చోట తనంతట తానే కమ్ముకుంటుంది. కోల్‌కతా సాల్ట్‌లేక్ స్టేడియంలో కూడా 2017 అండర్-17 ప్రపంచకప్‌కు ముందు టర్ఫ్ తీసేసి గడ్డి వేశారు.

టర్ఫే సరైన చోట్లు కూడా ఉన్నాయి. నార్వేలో ఆర్కిటిక్ వృత్తానికి ఎగువనున్న బోడోలో చలికాలం గడ్డి ఆశ పెట్టుకోలేం. బోడో గ్లిమ్ట్ జట్టు 2021లో ఇటలీ జట్టు రోమాను 6-1తో ఓడించింది తన టర్ఫ్ మీదే. మిజోరం రాజధాని ఐజ్వాల్‌లోనూ అంతే. కొండలు, ఎడతెగని వానలు, ఆడేవాళ్లేమో లెక్కలేనంత మంది. 2017లో మన దేశపు ఫుట్‌బాల్ టోర్నీ ఐ-లీగ్ గెలిచిన ఐజ్వాల్ ఎఫ్‌సీ సొంత మైదానం టర్ఫే. ఆ రెండు ఊళ్లలో నేనున్నా అదే వేయించేవాణ్ని.

మా ఆదివారం ఆటకు వచ్చేవాళ్లు మాత్రం గడ్డి మీద వేసుకునే పొడవు స్టడ్స్ బూట్లు ఇంట్లోనే పెట్టి రండి. అడుగున చిన్న రబ్బరు బుడిపెలుండే టర్ఫ్ షూస్ కొనుక్కోండి. నేల వదలనప్పుడు కనీసం బూటైనా వదలాలి.