5 రూపాయల బిళ్లలతో తూచిన ట్రిగ్గర్: ఐదేళ్ల వాడకం తర్వాత నా సమీక్ష

నా షూటింగ్ కిట్‌లో ఒక చిన్న జిప్ కవరు ఉంటుంది. అందులో 5 రూపాయల బిళ్లలు 20, ఒక గట్టి నూలు దారం. బిళ్లలన్నీ ఒకే రకం ఏరి పెట్టుకున్నాను. మా వీధి చివర బంగారు కొట్టులో తూకం వేయిస్తే ఒక్కోటి 6 గ్రాములు తూగింది. ట్రిగ్గర్ బరువు, అంటే షాట్ వెళ్లడానికి వేలు పెట్టాల్సిన ఒత్తిడి, కొలిచే గేజ్ తర్వాత కొనుక్కున్నాను కానీ ఈ కవరు మాత్రం ఇప్పటికీ తీయలేదు. నా ట్రిగ్గర్ గురించి నేను నేర్చుకున్నదంతా ఈ బిళ్లలతోనే మొదలైంది.

నేను కాల్చేది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్. ఐదేళ్ల కిందట ఒక సీనియర్ షూటర్ దగ్గర వాడిన జర్మన్ మ్యాచ్ రైఫిల్ కొన్నాను. అప్పటినుంచి నెలకు రెండు డబ్బాల చొప్పున, అంటే దాదాపు 60 వేల పెల్లెట్లు (చిన్న సీసపు గుళ్లు) దీంట్లోంచి వెళ్లాయి. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. నేను పడ్డ ఇబ్బందుల్లో చాలావరకు నా సెట్టింగుల వల్ల, మిగతావి నాకంటే ముందు వాడినవాళ్ల సెట్టింగుల వల్ల వచ్చినవి. పైగా ఫైన్‌వెర్క్‌బావ్, వాల్టర్, ఆన్‌షుట్జ్, స్టెయర్ ఏది తీసుకున్నా ఈ తరగతి రైఫిళ్లలో సర్దుకోవాల్సినవి దాదాపు ఇవే. స్క్రూలు ఉండే చోటు, అవి తిరిగే దిక్కు మాత్రం వేరు. అందుకే మీ రైఫిల్ మాన్యువల్ పక్కన పెట్టుకుని ఇది చదవండి.

రెండు దశల ట్రిగ్గర్ ఎలా ఉంటుందో పట్టుకుని చూడనివాళ్లకు: వేలు పెట్టి వెనక్కి లాగితే మొదట మెత్తగా, ఒకే బరువుతో కొన్ని మిల్లీమీటర్లు వస్తుంది. తర్వాత ఒకచోట ఆగుతుంది. అదే అడ్డు, రెండో దశ అక్కడే మొదలవుతుంది. అక్కడినుంచి ఇంకాస్త ఒత్తిడి పెంచితే, వేలు కదిలినట్టు కూడా తెలియకుండా షాట్ వెళ్లిపోవాలి. బండి క్లచ్ వదిలేటప్పుడు ఇంజన్ అందుకునే చోటు చేతికి తెలుస్తుంది కదా, ఈ అడ్డు కూడా వేలికి అంత స్పష్టంగా తెలియాలి. ఈ ట్రిగ్గర్ విలువంతా ఆ స్పష్టతలోనే ఉంది. బరువు ఎంతన్నది ఆ తర్వాతి మాట.

నేను దీన్ని తలకిందులుగా అర్థం చేసుకున్నాను. ఎయిర్ పిస్టల్‌కు ట్రిగ్గర్ బరువు కనీసం 500 గ్రాములు ఉండాలని అంతర్జాతీయ నిబంధన. 300 మీటర్ల స్టాండర్డ్ రైఫిల్‌కు 1500 గ్రాములు. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌కు అలాంటి కనీస హద్దు ఏదీ లేదు. హద్దు లేదన్నారు కాబట్టి ఎంత తేలికైతే అంత మంచిదనుకున్నాను. మొదటి ఏడాది మొత్తం బరువు 50 గ్రాముల దాకా దించేశాను. ఇంట్లో డ్రై ఫైర్ (పెల్లెట్ లేకుండా ఉత్తి ట్రిగ్గర్ నొక్కే సాధన) చేస్తుంటే ఎంతో హాయిగా ఉండేది. వేలు ఆనించగానే టక్కుమనేది.

ఆ ఏడాది ఒక మ్యాచ్‌లో 23వ షాట్. రైఫిల్ ఇంకా పైనుంచి కిందికి దిగుతోంది, నల్ల వృత్తం సైట్ రింగులోకి సరిగ్గా రానేలేదు. మొదటి దశ తీసుకుందామని వేలు ఆనించాను. షాట్ వెళ్లిపోయింది. స్క్రీన్ మీద స్కోరు 7.3. ఏసీ హాల్లో వేళ్లు చల్లబడిపోయి ఉన్నాయి, గుండె దడదడలాడుతోంది. అంత తేలిక బరువులో మొదటి దశ ఎక్కడ అయిందో, అడ్డు ఎక్కడ మొదలైందో వేలికి అందలేదు. ఇక మిగిలిన 37 షాట్లూ ట్రిగ్గర్ అంటేనే భయం. వేలు దగ్గరికి తీసుకెళ్లడానికే టెన్షన్. బయటికొచ్చాక కోచ్ సర్ ఒక్క మాటే అన్నారు: "అది నువ్వు కాల్చిన షాట్ కాదమ్మా. ముందు బరువు పెంచు, తర్వాత మాట్లాడదాం."

ఆ వారమే బిళ్లల పద్ధతి మొదలైంది. పెల్లెట్ లేదని రెండుసార్లు చూసుకుని, రైఫిల్‌ను డ్రై ఫైర్ మోడ్‌లో పెట్టి, నేల మీద మెత్తటి మ్యాట్ వేసి బారెల్ నిటారుగా పైకి ఉండేలా నిలబెడతాను. ట్రిగ్గర్ బ్లేడ్ మీద వేలు పడే చోటే దారం తగిలించి, కిందికి వేలాడే కవరులో ఒక్కో బిళ్ల వేస్తాను. బిళ్లను పైనుంచి పడేయకూడదు. చేత్తో కవరును ఆనించి పట్టుకుని, లోపల పెట్టి, మెల్లగా వదిలి మూడు లెక్కపెట్టాలి. ఇప్పుడు నా రైఫిల్‌లో 11వ బిళ్లకు ట్రిగ్గర్ మొదటి దశ పూర్తిచేసి అడ్డు దగ్గర ఆగుతుంది. 17 దాకా అలాగే నిలబడుతుంది. 18వ బిళ్లకు కొట్టుకుంటుంది. అంటే మొదటి దశ సుమారు 66 గ్రాములు, మొత్తం సుమారు 108. ఐదారుసార్లు కొలిస్తే ప్రతిసారీ అదే బిళ్లకు కొట్టుకోవాలి. ఒకసారి 15కి, ఒకసారి 19కి వస్తోందంటే బరువు స్క్రూ తిప్పి లాభం లేదు. లోపల మురికో, సియర్ (షాట్ వెళ్లేదాకా లోపల పట్టి ఉంచే చిన్న కొక్కెం) సర్దుబాటో చూడాలి.

మొత్తం బరువులో ఎక్కువ భాగం మొదటి దశకే ఇవ్వడం నాకు బాగా పనిచేసిన మార్పు. 66 గ్రాములు అప్పటికే వేలి మీద ఉన్నాయి కాబట్టి, అడ్డు దగ్గర కలపాల్సింది సుమారు 40 గ్రాములే. వేలు నిబ్బరంగా ఆనుతుంది, షాట్ మాత్రం తేలిగ్గా వెళ్తుంది. మొదట్లో నేను సరిగ్గా దీనికి ఉల్టా పెట్టుకున్నాను.

అన్నిటికంటే ఓపిక కావాల్సింది సియర్ పట్టు సర్దుబాటు. రెండో దశలో షాట్‌కు ముందు వేలు ఎంత దూరం పాకాలో దీన్ని బట్టే ఉంటుంది. పట్టు ఎక్కువైతే అడ్డు దాటాక ట్రిగ్గర్ ఇసుకలో ఈడ్చినట్టు జరుగుతూ ఉంటుంది. తక్కువైతే అడ్డే మాయమై, మొదటి దశ చివర్లోనే షాట్ వెళ్లిపోతుంది. నేను చేసేది ఇది: స్క్రూను కొద్దికొద్దిగా, ఒక్కోసారి పావు చుట్టులో సగం మించకుండా, పట్టు తగ్గే వైపు తిప్పుతూ ప్రతిసారీ డ్రై ఫైర్ చేస్తాను. అడ్డు మాయమైన చోటు గుర్తు పెట్టుకుంటాను. అక్కడినుంచి వెనక్కి తిప్పుతూ అడ్డు మళ్లీ స్పష్టంగా తగిలే చోటికి వచ్చి, ఇంకాస్త వెనక్కి ఇస్తాను. ఆ చివరి 'ఇంకాస్త' భద్రత కోసం. దాన్ని మిగుల్చుకుందామని ఎప్పుడూ చూడకండి. తర్వాత లోడింగ్ లివర్‌ను గట్టిగా మూస్తూ, బట్‌ను అరచేత్తో తడుతూ 20 సార్లు పరీక్షిస్తాను. ఒక్కసారి దానంతట అది కొట్టుకున్నా ఆ సెట్టింగుతో రేంజ్‌కు వెళ్లను. పక్క లేన్‌లో పన్నెండేళ్ల పిల్లలు నిలబడి ఉంటారు.

ఓవర్‌ట్రావెల్ స్టాప్ గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. షాట్ అయ్యాక ట్రిగ్గర్ వెనక్కి జారిపోకుండా ఆపే స్క్రూ అది. పెల్లెట్ ఇంకా బారెల్ లోపల ఉన్న క్షణంలోనే వేలు దభీమని వెనక్కి పోతే రైఫిల్ కదులుతుంది, కాబట్టి అవసరమే. కానీ మరీ దగ్గరగా బిగించకండి. నేను బిగించాను. ఒక రోజు సైటింగ్ సమయంలో, అంటే మ్యాచ్ షాట్లకు ముందు గురి సరిచూసుకోవడానికి ఇచ్చే 15 నిమిషాల్లో, ట్రిగ్గర్ ఎంత నొక్కినా షాట్ వెళ్లలేదు. అలెన్ కీ అడిగి తెచ్చుకుని అర చుట్టు వదులు చేసేసరికి ఆ సమయంలో సగం అయిపోయింది. ఇలాంటి పరీక్షలు మ్యాచ్ షాట్లు మొదలయ్యాక చేయడానికి ఉండదు. అప్పుడు పెల్లెట్ లేకుండా గాలి వదిలినా నిబంధనల ప్రకారం నష్టమే.

బ్లేడ్ ఎక్కడుండాలన్నది చాలామంది చివర్లో చూస్తారు. అసలు అన్నిటికంటే ముందు చేయాల్సిన పని ఇదే. గురి కదలికను తెర మీద గీతగా చూపించే స్కాట్ పరికరం ఒక స్నేహితురాలి దగ్గర తెచ్చుకుని రెండు వారాలు వాడాను. తెర మీద నా గురి గీత చక్కగా మధ్యలో తిరుగుతూ, షాట్‌కు ముందు చివరి 0.2 సెకన్లలో ప్రతిసారీ కుడివైపు జారేది. ట్రిగ్గర్ బరువు మార్చాను, జారింది. రెండో దశ మార్చాను, జారింది. చివరికి కోచ్ సర్ పక్కన మోకాళ్ల మీద కూర్చుని నా వేలు చూశారు. గ్రిప్‌కు బ్లేడ్ దూరంగా ఉండటంతో నా వేలు ఏటవాలుగా అందుకుని, వెనక్కి లాగే బదులు పక్కకు నెడుతోంది. బ్లేడ్‌ను పట్టాల మీద కొద్దిగా వెనక్కి జరిపి, కాస్త తిప్పి, వేలి మొదటి కణుపు మెత్తటి భాగం దాని మీద తిన్నగా పడేలా పెట్టారు. అదే రోజు గీత మధ్యలోకి వచ్చింది. ఎయిర్ రైఫిల్ టార్గెట్ మీద 0.25 మిల్లీమీటర్లకు ఒక దశాంశం మారుతుంది. 10.6 కావాల్సింది 10.1 కావడానికి ఆ మాత్రం పక్క తోపు చాలు.

60 షాట్ల మ్యాచ్‌లో నా సగటు స్కోరు ఈ ఐదేళ్లలో 605 దగ్గర్నుంచి 617కి వచ్చింది. అది మొత్తం ట్రిగ్గర్ పుణ్యం అనను. నిలబడే తీరు మారింది, జాకెట్ మారింది, సాధన పెరిగింది. కానీ 7లు, 8లు ఆగిపోవడం మాత్రం ట్రిగ్గర్ వల్లే.

నూనె సంగతి ఒకటి గట్టిగా చెప్పాలి. రెండో ఏడాది ట్రిగ్గర్ కాస్త గరగరలాడుతోందని కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు వేశాను. వారం రోజులు పట్టుబట్టలా మెత్తగా ఉంది. ఏప్రిల్ వచ్చి, హైదరాబాద్ దుమ్ము ఆ నూనెకు పట్టుకునేసరికి అడ్డు దగ్గర జిగురులా అంటుకోవడం మొదలైంది. బిళ్లలు వేస్తే ఒకసారి 16, ఒకసారి 20. చివరికి టెక్నీషియన్ విప్పి శుభ్రం చేసి, పొడిగా బిగించి ఇచ్చారు. అప్పటినుంచి ట్రిగ్గర్ లోపలికి నూనె వెళ్లనివ్వడం లేదు. రేంజ్ నుంచి రాగానే ట్రిగ్గర్ కవర్ మీద దుమ్ము మెత్తటి బ్రష్‌తో తుడిచి పెట్టెలో పెడతాను.

స్క్రూలు తమంతట తాము కదులుతాయా అని అడిగేవాళ్లకు: నా దాంట్లో ఏడాదికి ఒకటి రెండుసార్లు కదిలాయి. ఇప్పుడు ప్రతి స్క్రూ తలకు అడ్డంగా, పక్క లోహం మీదికి కూడా వచ్చేలా ఎర్ర నెయిల్ పాలిష్‌తో సన్నటి గీత పెట్టాను. గీత రెండు ముక్కలుగా కనిపించిందంటే స్క్రూ తిరిగిందని అర్థం. నెలకోసారి గీత చూస్తాను, బిళ్లలు వేస్తాను, చిన్న కార్డు మీద తేదీతో రాసుకుంటాను. ఒక రోజులో ఒకే స్క్రూ ముట్టుకోవాలన్న నియమం కూడా ఆ కార్డు వల్లే అలవాటైంది. ఒకేసారి మూడు తిప్పితే ఏది బాగుచేసిందో, ఏది పాడుచేసిందో తెలియక మళ్లీ మొదటికొస్తాం.

కొత్తగా మొదలుపెట్టినవాళ్లు, ముఖ్యంగా పిల్లల తల్లిదండ్రులు నన్ను అడుగుతుంటారు. 120 నుంచి 150 గ్రాముల మధ్య, అడ్డు స్పష్టంగా తగిలేలా పెట్టి ఆరు నెలలు వదిలేయమంటాను. మా వరంగల్ మేనకోడలి సొంత రైఫిల్‌కు అలాగే 140 దగ్గర పెట్టించాను. వేసవి సెలవుల్లో తను నా రైఫిల్‌తోనే కాలుస్తుంది. తన వేలు పొట్టిది కాబట్టి బ్లేడ్ ఇంకా వెనక్కి జరపాలి, తను వెళ్లాక కార్డు చూసి మళ్లీ నా చోటికి తెచ్చుకోవాలి. జరపడానికి రెండు నిమిషాలు చాలు. వేలు మళ్లీ అలవాటు పడటానికి మాత్రం నాకు రెండు రోజులు డ్రై ఫైర్ చేయాల్సి వస్తుంది.

ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్ ఒకసారి స్నేహితుడి దగ్గర ఒక గంట వాడాను. ప్రతి షాట్ ఒకేలా ఉంది, అందులో సందేహం లేదు. నేను మాత్రం మెకానికల్‌తోనే ఉంటాను. ఏదైనా తేడా వస్తే బిళ్లలతో, అలెన్ కీతో నేనే కనిపెట్టగలుగుతున్నాను, నాకు అది ముఖ్యం.

కార్డులో గత రెండేళ్ల లెక్కలు చూస్తే 19 దగ్గర ఉన్నది 18కి వచ్చింది. గీతలు కదల్లేదు, నేను స్క్రూ ముట్టుకోలేదు. బహుశా రెండో దశ స్ప్రింగ్ నెమ్మదిగా మెత్తబడుతోంది. 17కి వచ్చిన నెల మార్పించాలని నిర్ణయించుకున్నాను. మార్పించాక బ్లేడ్ చోటు దగ్గర్నుంచి మళ్లీ అన్నీ వరసగా సర్దుకోవాలి. కొత్త కార్డు కూడా కొని పెట్టుకున్నాను.