హ్యూస్టన్, డాలస్, ఆస్టిన్: మూడు చోట్లా ఊరి మధ్యలోనే ఉండి చూశాక నా రివ్యూ

టెక్సస్‌లో ఏ ఊరు బాగుంటుందని మనవాళ్ళని అడిగితే వచ్చే జవాబులన్నీ స్కూళ్ళు, ఇంటి ధర, గుడి ఎంత దూరం అన్న వాటి చుట్టూనే తిరుగుతాయి. శివారుల్లో ఫ్రిస్కోనా, కేటీనా, సీడార్ పార్కా అన్నదే చర్చ. అవి ముఖ్యమే, కాదనను. కానీ ఊరి నడిబొడ్డున, టవర్ల పక్కన, కారు తీయకుండా వీలైనన్ని పనులు కానిచ్చుకుంటూ ఉండాలనుకునేవాళ్ళ కోసం తెలుగులో ఎవరైనా రాసింది నాకు పెద్దగా కనపడలేదు. నేనూ మా ఆవిడా ముందు హ్యూస్టన్ మిడ్‌టౌన్‌లో, తర్వాత డాలస్ అప్‌టౌన్‌లో, ఆ తర్వాత ఆస్టిన్ డౌన్‌టౌన్‌లో అద్దెకి ఉన్నాం. ఉద్యోగం మారినప్పుడల్లా ఊరు మారింది, ఊరి మధ్యలో ఉండాలన్న పట్టుదల మాత్రం మారలేదు.

ముందే చెప్పేస్తాను. స్కైలైన్ ఎదగడం చూడాలంటే ఆస్టిన్. రోజులు హాయిగా గడవాలంటే హ్యూస్టన్‌లో రెడ్ లైన్ రైలు వెంట ఉన్న నాలుగైదు పేటలు. చుట్టూ మనవాళ్ళుండాలి, కాస్త రైలు సౌకర్యమూ ఉండాలంటే డాలస్. టవర్ ఎంత ఎత్తుందన్నదానికీ, దాని కింద వీధిలో మన సాయంత్రం ఎలా గడుస్తుందన్నదానికీ పెద్ద సంబంధం లేదని ఈ మూడు ఊళ్ళూ చూశాకే నాకు గట్టిగా అర్థమైంది.

ఆస్టిన్‌లో జరిగింది మామూలు ఎదుగుదల కాదు. 2004లో 515 అడుగుల ఫ్రాస్ట్ బ్యాంక్ టవర్ ఆ ఊళ్ళో అన్నిటికన్నా ఎత్తు. 2010లో 683 అడుగుల ఆస్టోనియన్ వచ్చింది. 2019లో ఇండిపెండెంట్ దాన్ని కొంచెం దాటింది, డబ్బాలు అటూ ఇటూ జరిపి పేర్చినట్టు ఉంటుంది కాబట్టి ఊరంతా దాన్ని జెంగా టవర్ అనే అంటారు. 2023కి సిక్స్త్ అండ్ గ్వాడలూప్ 875 అడుగులకి వెళ్ళింది. 2025లో వాటర్‌లైన్ 1,025 అడుగులకి చేరి, 1980ల మొదట్నుంచీ రాష్ట్రంలో అన్నిటికన్నా ఎత్తైనదిగా నిలిచిన హ్యూస్టన్ జేపీమోర్గాన్ చేజ్ టవర్‌ని (1,002 అడుగులు) దాటేసింది. ఇరవై ఏళ్ళు తిరిగేసరికి ఊరి ఎత్తు దాదాపు రెట్టింపు! మేమున్న ఫ్లాట్ బాల్కనీ నుంచి చూస్తే ఎప్పుడూ నాలుగైదు క్రేన్లు కనపడేవి, వాటర్‌లైన్ అంతస్తులు నెలనెలా పైకి లేవడం చూస్తూ కాఫీ తాగడం మాకు అలవాటైపోయింది.

ఆ టవర్లు ఒకేచోట కాకుండా ఖాళీలు వదిలి గుంపులు గుంపులుగా ఎందుకు ఉంటాయో చాలామందికి తెలియదు. 1888 నాటి క్యాపిటల్ (రాష్ట్ర శాసనసభ భవనం) గోపురం ఊళ్ళో కొన్ని నిర్ణీత చోట్ల నుంచి కనపడి తీరాలని 1983లో చట్టం చేశారు. ఆ చూపు దారులకి అడ్డంగా ఎత్తు కట్టకూడదు. అందుకే ఎత్తైనవన్నీ ఆ దారుల మధ్య మిగిలిన ముక్కల్లోకీ, రెయినీ స్ట్రీట్ వైపుకీ చేరాయి. కాంగ్రెస్ అవెన్యూ వంతెన మీద నిలబడి ఉత్తరానికి చూస్తే గోపురం ఇప్పటికీ తిన్నగా కనిపిస్తుంది. నాకు ఆ చట్టం చాలా నచ్చింది. మన ఊళ్ళలో గుడి గోపురాల చుట్టూ కూడా ఇలాంటిది ఒకటి ఉంటే ఎంత బాగుండేదో అని అక్కడ నిలబడ్డ ప్రతిసారీ అనుకునేవాణ్ణి.

ఇక కింద నుంచి చూద్దాం. చాలా టవర్లలో మొదటి పది అంతస్తుల దాకా కార్ పార్కింగే. దూరం నుంచి అద్దాల మేడ, పేవ్‌మెంట్ మీద నడుస్తుంటే పక్కన గ్యారేజీ గోడ, కార్లు బయటికొచ్చే చోట కీ కీ మని సైరన్. 2023లో ఆస్టిన్ కొత్త కట్టడాలకి ఇన్ని పార్కింగులు ఉండాలన్న నిబంధన తీసేసింది, మంచి పని చేసింది, కానీ బ్యాంకులూ బిల్డర్లూ ఇంకా కట్టిస్తూనే ఉన్నారు. రెయినీలో చిన్న చిన్న చెక్క ఇళ్ళన్నీ బార్లయ్యాయి, వాటి మధ్య నుంచే టవర్లు లేచాయి. రాత్రి రెండింటి దాకా మ్యూజిక్, పొద్దున్నే కాంక్రీట్ లారీలు. నిద్ర పలచనైన వాళ్ళు అటువైపు చూడొద్దు. రైలు అంటారా, 2010లో మొదలైన రెడ్ లైన్ (హ్యూస్టన్‌ది వేరు, పేరొకటే) ఒక్కటే, అది లియాండర్ అనే శివారు దాకా వెళ్తుంది, చాలా దూరం సింగిల్ ట్రాక్ కాబట్టి ఒకటి పోతే ఇంకోదాని కోసం చాలాసేపు చూడాలి. 2020లో జనం ఓటేసి లైట్ రైల్‌కి సరే అన్నారు, తర్వాత ఖర్చు పెరిగి దాన్ని సుమారు పది మైళ్ళకి కుదించారు. ఇంత ఎత్తు కట్టిన ఊరికి ఇంత తక్కువ రైలా అని నిజంగా బాధేస్తుంది.

అద్దె సంగతి. 2022లో రెన్యువల్‌కి మా బిల్డింగ్ వాళ్ళు పెంచిన మొత్తం చూసి మేమిద్దరం రాత్రంతా లెక్కలేసుకున్నాం, ఉందామా పోదామా అని. ఆ తర్వాత రెండేళ్ళలో కొత్త అపార్ట్‌మెంట్లు వేలకొద్దీ తయారై మార్కెట్లోకి రావడంతో అద్దెలు దిగాయి, పక్క టవర్ వాళ్ళు రెండు నెలలు ఉచితం అని బోర్డులు పెట్టారు. క్రేన్లని చూసి విసుక్కునే వాళ్ళకి నేను చెప్పేది ఇదే, ఆ క్రేన్లే అద్దె తగ్గించాయి. లేడీ బర్డ్ లేక్ చుట్టూ నడిచే దారి, బార్టన్ స్ప్రింగ్స్‌లో ఆగస్టులో కూడా 70 ఫారన్‌హీట్ డిగ్రీల లోపే ఉండే చల్లటి నీళ్ళు, ఈ రెండింటికీ మాత్రం రాష్ట్రంలో పోటీ లేదు.

హ్యూస్టన్ కథ పూర్తిగా వేరు. జోనింగ్, అంటే ఏ చోట ఏ రకం కట్టడం రావాలో చెప్పే నిబంధన, లేని ఊళ్ళలో అమెరికాలో అతిపెద్దది అది. 1948, 1962, 1993లో మూడుసార్లు జనం ముందుకి ఓటుకొచ్చినా జోనింగ్ వద్దన్నారు. దాని ఫలితంగా ఒక స్కైలైన్ కాదు, మూడు ఉన్నాయి: డౌన్‌టౌన్, మెడికల్ సెంటర్, అప్‌టౌన్. గ్యాలేరియా మాల్ పక్కన ఒంటరిగా నిలబడ్డ 64 అంతస్తుల విలియమ్స్ టవర్ 1983 నాటిది. చమురు ధర ఎక్కినప్పుడు కట్టారు, పడగానే ఆపేశారు. 1987లో హెరిటేజ్ ప్లాజా అయ్యాక డౌన్‌టౌన్‌లో పెద్ద ఆఫీసు టవర్ మళ్ళీ లేవడానికి పదిహేనేళ్ళు పట్టింది. అందుకే అక్కడ అందమైన టవర్లన్నీ పాతవే. పెన్‌జాయిల్ ప్లేస్ చూడండి, రెండు నల్లటి టవర్ల మధ్య పది అడుగుల సందు, నడుస్తూ పోతుంటే ఒక్క క్షణం ఆ సందులోంచి ఆకాశం గీతలా కనపడి మాయమవుతుంది. ఎత్తులో ఆస్టిన్ గెలిచి ఉండొచ్చు, తీరులో హ్యూస్టన్‌దే పైచేయి, నా మటుకు నాకు.

డౌన్‌టౌన్ వీధులు మధ్యాహ్నం కూడా ఖాళీగా ఉండటం చూసి కొత్తవాళ్ళు కంగారుపడతారు. జనమంతా కింద ఉంటారు. ఇరవై అడుగుల లోతున ఆరు మైళ్ళ ఏసీ సొరంగాలు, బ్యాంకులు, క్షౌరశాలలు, టిఫిన్ల నుంచి బిర్యానీ దాకా తిండి కౌంటర్లు. పనిదినాల్లో మధ్యాహ్నం పన్నెండున్నరకి నిలబడ్డానికి చోటుండదు, శనివారం తలుపులకి తాళం. ఆ సొరంగాల వల్లే పై వీధులు కళ తప్పాయని నా గట్టి నమ్మకం. జనాన్ని పైకి తేవడానికి 2012లో డౌన్‌టౌన్‌లో కట్టే ప్రతి ఫ్లాట్‌కీ బిల్డర్లకి 15,000 డాలర్ల దాకా పన్ను వెనక్కిచ్చే పథకం పెట్టారు, డిస్కవరీ గ్రీన్ పార్క్ చుట్టుపక్కల ఇప్పుడు కనిపించే సందడిలో దానికీ వాటా ఉంది.

కానీ మా రోజు గడిచింది రెడ్ లైన్ మీద. 2004 జనవరి 1న మొదలైన రైలు ఇది. మిడ్‌టౌన్‌లో ఎక్కితే ఇటు డౌన్‌టౌన్, అటు మ్యూజియం డిస్ట్రిక్ట్, హర్మన్ పార్క్, మెడికల్ సెంటర్, అన్నీ ఒక్క టికెట్‌తో. మా ఆవిడ పని మెడికల్ సెంటర్‌లో, ఏళ్ళ పాటు ఒక్క కారుతోనే సంసారం గడిపాం, టెక్సస్‌లో ఇలా కుదురుతుందంటే మా చుట్టాలు నమ్మలేదు. మెనిల్ మ్యూజియం ఉచితం, ఆదివారం మధ్యాహ్నాలు ఎక్కువగా అక్కడే. సరుకులకి హిల్‌క్రాఫ్ట్‌కీ, పియర్‌ల్యాండ్ మీనాక్షి గుడికీ మాత్రం కారు తప్పదు. అద్దెలు కూడా మూడింటిలోకీ మాకు ఇక్కడే తక్కువ పడ్డాయి.

హ్యూస్టన్‌తో భయం నీళ్ళు. 2017లో హార్వీ తుఫాను అప్పుడు మేం మిడ్‌టౌన్‌లోనే ఉన్నాం. మా బిల్డింగ్‌లోకి నీళ్ళు రాలేదు, కానీ మేం రోజూ నడిచే బఫెలో బయూ వాగు పక్క దారి మీద వరద దిగాక పేరుకున్న బురద, దాని వాసన ఇప్పటికీ గుర్తుంది. ఆ తర్వాత 2024 మే నెల గాలివానలో డౌన్‌టౌన్ టవర్ల అద్దాలు పగిలి వీధుల్లో పడ్డాయి, జులైలో బెరిల్ తుఫాను వచ్చి ఇరవై లక్షలకి పైగా కనెక్షన్లకి కరెంటు పోయింది. అక్కడున్న మా స్నేహితులు పిల్లల్ని తీసుకుని మా ఆస్టిన్ ఫ్లాట్‌కి వచ్చేశారు. హ్యూస్టన్‌లో ఇల్లు చూసేటప్పుడు వరద మ్యాప్ తెరవకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు.

డాలస్‌లో నాకు బాగా నచ్చినవి రాత్రుళ్ళు. 72 అంతస్తుల బ్యాంక్ ఆఫ్ అమెరికా ప్లాజా అంచులకి ఆకుపచ్చ దీపాలు, రీయూనియన్ టవర్ బంతి, ట్రినిటీ నది అవతల నుంచి మార్గరెట్ హంట్ హిల్ వంతెనతో కలిపి చూస్తే మూడు ఊళ్ళలోనూ అందమైన రాత్రి దృశ్యం ఇదే. అయితే 1985లో వచ్చిన ఆ ప్లాజానే నేటికీ అక్కడ అన్నిటికన్నా ఎత్తు. డాలస్ పైకి కాకుండా అప్‌టౌన్, విక్టరీ పార్క్ వైపు అడ్డంగా పెరుగుతోంది, గోల్డ్‌మన్ శాక్స్ పెద్ద క్యాంపస్ కడుతున్నది కూడా అటే. డౌన్‌టౌన్‌నీ అప్‌టౌన్‌నీ కలిపింది 2012లో ఫ్రీవే మీద కప్పు వేసి కట్టిన క్లైడ్ వారెన్ పార్క్. కింద ఎనిమిది లేన్ల ట్రాఫిక్ పోతోందని పైన పచ్చికలో కూర్చున్నవాళ్ళకి తెలియనే తెలియదు. ఊరిని రెండుగా కోసిన రోడ్డుని ఇలా సరిదిద్దొచ్చని చూపించిన చోటు అది. కేటీ ట్రెయిల్ మీద నడక, మెకిన్నీ అవెన్యూ మీద ఉచితంగా తిరిగే పాతకాలపు ట్రాలీ, ఇవి ఉన్నాయి కాబట్టి అప్‌టౌన్‌లో ఉండటం సుఖమే. అద్దె మాత్రం సుఖంగా ఉండదు.

డాలస్ రవాణా సంస్థ డార్ట్ నడిపే లైట్ రైల్ 93 మైళ్ళు, అమెరికాలో బాగా పొడుగైన లైట్ రైల్ వ్యవస్థల్లో అదొకటి. ఎయిర్‌పోర్ట్‌కి నేరుగా పోతుంది, 2025లో ప్లేనో నుంచి ఎయిర్‌పోర్ట్‌కి సిల్వర్ లైన్ కూడా వచ్చింది. కానీ నాలుగు రంగుల లైన్లూ డౌన్‌టౌన్‌లో ఒకే వీధి మీదుగా పోవాలి, ఒక్కచోట కారు అడ్డం పడితే నాలుగూ ఆగుతాయి. స్టేషన్ దిగాక చుట్టూ పార్కింగ్ మైదానాలే, ఎండలో అది దాటడం ఒక పరీక్ష. అన్నిటికన్నా ముఖ్యంగా ఫ్రిస్కో, మెకిన్నీ, ఆలెన్ ఈ వ్యవస్థలో లేవు. మన తెలుగువాళ్ళలో ఎక్కువమంది అక్కడే. పుట్టినరోజులు, హనుమాన్ గుడి, భోజనాలు అంటూ ప్రతి శనివారం టోల్‌వే ఎక్కక తప్పలేదు. మనవాళ్ళకి దగ్గరగా, రైలుకీ దగ్గరగా ఉండాలంటే ఇర్వింగ్‌లో లాస్ కోలినాస్ చూడండి, ఆరెంజ్ లైన్ స్టేషన్లు ఉన్నాయి, నడిచే దూరంలో కాస్త ఊరనిపించే వీధులూ ఉన్నాయి. టాంటెక్స్ (ఉత్తర టెక్సస్ తెలుగు సంఘం) వాళ్ళ నెలనెలా తెలుగు వెన్నెల లాంటి సాహిత్య సభ మిగతా రెండు ఊళ్ళలో నాకు దొరకలేదు, దాని కోసం నేను డాలస్‌ని ఇప్పటికీ తలుచుకుంటాను. 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో మా బిల్డింగ్‌లో పైపులు పగిలి పై అంతస్తు నీళ్ళు మా హాల్లోకి వచ్చాయి. ఆ వారం ఇర్వింగ్‌లో ఒక అన్నయ్య వాళ్ళింట్లోనే తలదాచుకున్నాం.

శాన్ ఆంటోనియోలో ఉండలేదు, తరచూ వెళ్ళేవాళ్ళం. స్కైలైన్ కోసం వెళ్తే నిరాశే, 1968 నాటి టవర్ ఆఫ్ ది అమెరికాస్‌ని ఇంకా ఏదీ దాటలేదు. కానీ పాత బీరు ఫ్యాక్టరీని మార్చి కట్టిన పెర్ల్ చూడండి, రాష్ట్రంలో నడవడానికి అంత బాగా అమర్చిన పేట ఇంకోటి లేదంటాను. ఫోర్ట్ వర్త్ జనాభా పది లక్షలు దాటి ఆస్టిన్‌ని మించిపోయింది, డౌన్‌టౌన్ మాత్రం రాత్రి తొమ్మిదికే సద్దుమణుగుతుంది.

మారే ముందు చూడ్డానికి వెళ్ళేవాళ్ళు మార్చిలో, పూలు పూసినప్పుడు వెళ్ళకండి, అప్పుడు మూడు ఊళ్ళూ బాగుంటాయి. ఆగస్టులో మధ్యాహ్నం మూడింటికి ఆ బిల్డింగ్ నుంచి దగ్గర్లోని కూరగాయల కొట్టు దాకా నడిచి రండి. ఆదివారం సాయంత్రం ఏడింటికి మళ్ళీ అదే వీధిలో నిలబడి ఎన్ని షాపులు తెరిచి ఉన్నాయో చూడండి. కిటికీ ఎదుట ఖాళీ స్థలం ఉంటే అక్కడ ఏం రాబోతోందో సిటీ పర్మిట్లలో వెతకండి, ఆస్టిన్‌లో అయితే దాదాపు ఖాయంగా ఇంకో టవరే. పార్కింగ్ అద్దెలో కలిసి ఉందో, విడిగా నెలనెలా కట్టాలో సంతకం పెట్టకముందే అడగండి. మేం ఇప్పుడు మళ్ళీ హ్యూస్టన్ రెడ్ లైన్ పక్కన, మ్యూజియం డిస్ట్రిక్ట్ వైపు ఫ్లాట్లు చూస్తున్నాం, ఈసారి నాలుగో అంతస్తు పైన.