వరంగల్, హన్మకొండలో ‘ఇంపోర్టెడ్’ పేరుతో మంచు టైర్లు అంటగడుతున్నారు, జాగ్రత్త

17, 18 అంగుళాల రిమ్ములున్న స్పోర్ట్స్ సెడాన్లు, హాట్ హ్యాచ్‌లు (బలమైన ఇంజిన్ ఉన్న చిన్న కార్లు) నడిపేవాళ్లు జర ఇది చదివాకే పాత టైర్లు కొనండి. సెకండ్ హ్యాండ్ దుకాణాల్లో, ఫోన్ గ్రూపుల్లో “జర్మనీ మాల్ అన్నా, గ్రిప్ చూడు, ఇంకా 5 మిల్లీమీటర్లు ఉంది” అంటూ కొత్త టైర్ల ధరలో మూడో వంతుకే నాలుగింటి సెట్టు చూపిస్తున్నారు. నకిలీవి కావు, పేరున్న కంపెనీలవే. కానీ అవి మంచు కురిసే దేశాల్లో చలికాలం కోసం చేసిన వింటర్ టైర్లు. తెలియక ఎక్కించుకున్నవాళ్లకు ఎండలు ముదరగానే స్టీరింగ్ తేలిపోయినట్టు ఉంటుంది, బ్రేకు వేస్తే బండి ముందుకు జారి ఆగుతుంది, ముందు టైర్ల అంచుల దగ్గర రబ్బరు పెచ్చులుగా లేస్తుంది. ఏమైందో తెలియక అలైన్‌మెంట్ చేయించి, సస్పెన్షన్ బుష్‌లు మార్పించి ఇంకా పైసలు పోగొట్టుకుంటున్నారు.

గుర్తుపట్టడం కష్టం కాదు. సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) మీద మూడు శిఖరాలున్న కొండ బొమ్మ, దాని మధ్యలో మంచు రేకు ఉందేమో చూడండి. మంచులో పట్టు పరీక్ష నెగ్గిన టైరుకే ఆ గుర్తు వేస్తారు. ‘ఎం ప్లస్ ఎస్’ అక్షరాలు వేరు. అవి బురద, మంచు అనే మాటలకు గుర్తులు, కంపెనీ తనంతట తాను వేసుకునేవి. మన దగ్గర అమ్మే చాలా ఎస్‌యూవీ టైర్ల మీద కూడా ఉంటాయి, వాటిని చూసి భయపడొద్దు. కొండ, మంచు రేకు బొమ్మ కనిపిస్తేనే ఆగండి. కొన్ని ఆల్ సీజన్ టైర్లకూ ఆ బొమ్మ ఉంటుంది, అయితే గట్టిగా నడిపే బండికి మన ఎండల్లో అవీ సరైనవి కావు. బొమ్మను గీకేసి, పైన నల్ల పాలిష్ కొట్టి ఉంటే గ్రిప్, అంటే రోడ్డుకు ఆనే గాడుల భాగం చూడండి. ప్రతి బ్లాకు (గాడుల మధ్య రబ్బరు ముక్క) మీద బ్లేడుతో గీసినట్టు వంకరటింకర సన్నని చీలికలు వరసగా కనిపిస్తాయి. కొన్నిటిలో ఇనుప మేకులు దిగ్గొట్టడానికి అచ్చులోనే వదిలిన గుండ్రని రంధ్రాలు కూడా ఉంటాయి. ఇక అనుమానం అక్కర్లేదు.

అసలు తేడా రబ్బరులో ఉంది. మామూలు వేసవి టైరు రబ్బరు 7 డిగ్రీల కిందికి పోతే బిగుసుకుపోయి పట్టు వదిలేస్తుంది. వింటర్ టైరుకు సిలికా ఎక్కువ వేసి, ఆ చలిలోనూ మెత్తగా ఉండేలా కలుపుతారు. ఆ సన్నని చీలికలు తెరుచుకుని మంచును కరిచి పట్టుకుంటాయి. అదే టైరును మేలో 45 దాటే రామగుండం, మంచిర్యాల రోడ్ల మీద వేస్తే కథ తిరగబడుతుంది. గాలి వేడి కంటే తారు వేడి ఇంకా ఎక్కువ. ముందే మెత్తటి రబ్బరు, దానికి లోతైన బ్లాకులు, వాటి నిండా చీలికలు. బ్రేకు వేసిన ప్రతిసారీ, మలుపు తిప్పిన ప్రతిసారీ బ్లాకులు పక్కకు వంగుతాయి. ఆ వంగుడుతో లోపల వేడి పుడుతుంది, వేడికి రబ్బరు మరింత మెత్తబడుతుంది, చివరికి చీలిక దగ్గర చిరుగుతుంది. బరువు, టార్కు (చక్రాన్ని తిప్పే బలం), పెద్ద బ్రేకులు ఉన్న బండిలో ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. వానాకాలంలోనూ లాభం లేదు: వెచ్చని తడి రోడ్డు మీద ఈ టైరుకు మంచి వేసవి టైరు కంటే ఆగే దూరం ఎక్కువ కావాలి.

“ఆదిలాబాద్ వైపు చలి బాగుంటుంది కదా, అక్కడికి పనికొస్తాయి” అనే మాట కూడా వింటున్నాం. కొన్ని రోజులు తెల్లవారుజామున 7 డిగ్రీల కిందికి పడేది నిజమే. పొద్దెక్కితే ఆ చలి ఉండదు, రోడ్డు మీద మంచు గడ్డ అసలే ఉండదు. ఆ రెండు గంటల కోసం ఏడాదంతా తప్పు టైరు మీద తిరగడం ఎందుకు?

ఇప్పుడు ఆ “5 మిల్లీమీటర్లు” లెక్క చూద్దాం, ఎందుకంటే మోసం అక్కడే ఉంది. వింటర్ టైరు కొత్తగా ఉన్నప్పుడే 8 నుంచి 9 మిల్లీమీటర్ల గాడి లోతుతో వస్తుంది. అంటే 5 అంటే దాదాపు సగం అయిపోయినట్టే. ఆస్ట్రియాలో 4 మిల్లీమీటర్ల కంటే తగ్గితే దాన్ని వింటర్ టైరుగా లెక్కలోకి తీసుకోరు, జర్మనీలో చట్టం 1.6 అన్నా 4 దగ్గరే మార్చమని చెబుతారు. అక్కడ పక్కన పెట్టాల్సిన స్థితికి దగ్గరపడ్డ టైరును ఇక్కడ ‘గ్రిప్ బాగుంది’ అని అమ్ముతున్నారన్న మాట. పైగా పాతబడితే ఆ మెత్తదనం కూడా పోయి రబ్బరు ఎండుతుంది. అప్పుడది మంచుకూ కాదు, ఎండకూ కాదు.

వయసు తెలియాలంటే ‘డాట్’ (డి, ఓ, టి) అక్షరాలున్న వరస చివర నాలుగంకెలు చదవండి. 3817 అంటే 2017లో 38వ వారం. చాలా టైర్లకు ఈ తేదీ ఒక పక్కే ఉంటుంది. బయట కనిపించకపోతే తిప్పించి లోపలి పక్క చూడాలి, అరగదీసి ఉంటే లేచి వచ్చేయండి. నాలుగూ ఒకే ఏడాదివో కాదో కూడా చూడండి, కలగాపులగంగా సెట్టు కట్టి ఇవ్వడం మామూలే.

సైజు కలిస్తే చాలనుకోవద్దు. 225/40 ఆర్ 18 సైజులోనే లోడు నంబరు 88 ఉన్నదీ ఉంటుంది, 92 ఎక్స్‌ఎల్ (ఎక్కువ బరువు మోసే రకం) ఉన్నదీ ఉంటుంది. 88 అంటే ఒక్కో టైరు 560 కిలోలు మోస్తుంది, 92 అంటే 630. డ్రైవర్ డోరు దగ్గర స్టిక్కరులో 92 అని ఉంటే 88 ఎక్కించకూడదు, నలుగురు కూర్చుని డిక్కీ నింపి హైదరాబాద్ పోయేటప్పుడు ఆ తేడా తెలుస్తుంది. ఆ పక్క అక్షరం వేగానిది: హెచ్ 210, వి 240, డబ్ల్యూ 270, వై 300 కిలోమీటర్లు. జర్మనీలో వింటర్ టైరుకు బండి వేగం కంటే తక్కువ అక్షరం వాడనిస్తారు, డ్రైవరుకు కనిపించేలా ఆ వేగం రాసిన స్టిక్కరు అంటించాలంతే. అందుకే వై కావాల్సిన బండికి హెచ్ టైర్లు వచ్చి పడుతున్నాయి.

రిమ్ముకు ఎక్కించకముందే లోపలి పక్క చేయి పెట్టి తడమండి. నల్లటి రబ్బరు పొడి రాలినా, సైడ్‌వాల్ లోపల చుట్టూ ముడతల గీత కనిపించినా గాలి లేకుండా పరిగెత్తిన టైరు అది. రన్‌ఫ్లాట్‌లలో (గాలి పోయినా కొంత దూరం నడిచే టైర్లలో) ఇది తరచుగా ఉంటుంది, ఎందుకంటే బయటికి ఏమీ కనిపించదు. సైడ్‌వాల్‌కు ప్యాచ్ ఉంటే ఎంత తక్కువకిచ్చినా వద్దు. గాడిలో అరుగుదల గుర్తుగా చిన్న గట్టు ఉంటుంది. అది తెగి ఉంటే వేడి బ్లేడుతో గాడి లోతు చేశారని అర్థం, కింద ఉక్కు తీగలకు రబ్బరు మిగిలి ఉండదు. ఇక్కడ అమ్మడానికి వచ్చిన టైరు మీద ఐఎస్ఐ గుర్తు ఉండాలి, అది లేక, బిల్లూ ఇవ్వకపోతే రేపు అడిగే దారి ఉండదు.

మనాలి, అటల్ టన్నెల్ దాకా ఒక ట్రిప్పు కోసమని వింటర్ టైర్లు కొనేవాళ్లూ ఉన్నారు. అక్కడే అద్దెకు దొరికే, టైరుకు చుట్టే మంచు గొలుసులు చాలు, అవి ఇంజిన్ తిప్పే చక్రాలకే వేయాలి. కానీ 18 అంగుళాల టైరుకు, సస్పెన్షన్‌కు మధ్య ఖాళీ తక్కువ. గొలుసు పడుతుందో లేదో బండి మాన్యువల్లో చూడకుండా బయల్దేరొద్దు.

కొడుకో కూతురో టొరంటోలోనో మిషిగన్‌లోనో ఉంటే లెక్క పూర్తిగా వేరు, అక్కడి చలికాలంలో ఈ టైర్లు నిజంగా అవసరం. వాళ్లకు చెప్పాల్సింది ఇది: నాలుగూ ఒకేసారి మార్చాలి, ఇంజిన్ వెనక చక్రాలను తిప్పే బండి అని వెనక రెండే వేస్తే ముందు చక్రాలు మలుపు తిరగవు, బ్రేకుకు ఆగవు. 225/40 ఆర్ 18 బదులు 225/45 ఆర్ 17 వేస్తే చుట్టుకొలత అర శాతం కూడా మారదు, గుంతల్లో రిమ్ము బతుకుతుంది. పెద్ద బ్రేకు క్యాలిపర్లకు 17 రిమ్ము తగులుతుందేమో ఉత్తది తొడిగి చూశాకే కొనాలి.

ఇప్పటికే ఎక్కించుకున్నవాళ్లు వాటిలో రెండు తీసి రెండు ఉంచొద్దు. ముందు ఒక రకం, వెనక ఒక రకం ఉంటే తడి మలుపులో వెనక భాగం విసిరేయొచ్చు. పైసలు తక్కువైతే మన దేశంలోనే తయారైన టైర్లలో సరైన లోడు నంబరుది నాలుగూ కొనండి. మార్చేదాకా 80 దాటొద్దు, గాలి పొద్దున్నే చల్లటి టైరులో చూసుకోండి, మధ్యాహ్నం చూసి దించితే తక్కువ గాలితో ఇంకా వేడెక్కుతాయి. కొత్తవి వేయించాక బోల్టులు టార్క్ రెంచితో మాన్యువల్లో చెప్పినంత బిగించాలి, గాలి గన్నుతో కాదు. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక ఇంకోసారి బిగింపు చూపించండి.