చెక్క మీద ఫొటో, పేర్లు చెక్కించే గిఫ్ట్ ఆన్‌లైన్‌లో ఆర్డర్ ఇస్తున్నారా? డబ్బు కట్టేముందు ఇది చదవండి

మా అమ్మానాన్నల షష్టిపూర్తికి ఇద్దామని ఒక ఇన్‌స్టాగ్రామ్ పేజీలో టేకు ఫ్రేమ్ ఆర్డర్ ఇచ్చాను. వాళ్ల పెళ్లిఫొటో లేజర్‌తో చెక్కి, కింద తెలుగులో నాలుగు లైన్లు రాసిస్తామన్నారు. 2,400 రూపాయలు, మొత్తం ముందే యూపీఐలో కట్టించుకున్నారు. ఫంక్షన్ ఇంకో రెండు రోజులుందనగా పార్శిల్ వచ్చింది. విప్పి చూస్తే నిజంగా ఏడుపొచ్చింది.

ముందు అక్షరాల సంగతి చెప్తాను, ఎందుకంటే తెలుగులో రాయించుకునే ఎవరికైనా ఇది జరగొచ్చు. వత్తులన్నీ ఊడిపోయాయి. షష్టిపూర్తి అనే మాట 'షష్‌టిపూర్‌తి' అని పడింది, అమ్మ పేరులో ఉన్న 'క్ష' కూడా రెండు ముక్కలైంది. వాట్సాప్‌లో నాకు పంపిన డిజైన్‌లో మాత్రం అంతా సరిగ్గానే ఉంది, అది చూసే ఓకే చెప్పాను. మా వీధిలో ఫ్లెక్స్ షాపు నడిపే అన్నకి చూపిస్తే విషయం చెప్పాడు. మెషిన్‌కి పంపే సాఫ్ట్‌వేర్ కొన్నిట్లో తెలుగు అక్షరాలు కలవవంట, ఫోన్‌లో టైప్ చేసింది అక్కడ పేస్ట్ చేస్తే ఇలాగే విడిపోతుందంట. డీటీపీ షాపుల్లో వాడే పాత అను ఫాంట్స్‌తో పనిచేసేచోట అయితే ఫోన్‌లో టైప్ చేసిన తెలుగు నేరుగా రాదు, ఆ ఫాంట్‌లోకి మార్చాలి, లేదంటే మళ్లీ మొదట్నుంచీ కొట్టాలి, అక్కడ తప్పులు పడతాయి. అందుకే టెక్స్ట్‌ని కర్వ్స్‌లోకి, అంటే అక్షరాల్ని గీతల రూపంలోకి మార్చి పంపాలి, అప్పుడు అది బొమ్మలా వెళ్తుంది కాబట్టి ఏ సిస్టమ్‌లో తెరిచినా అక్షరం మారదు. ఈ ఒక్కమాట నాకు ముందే తెలిసుంటే అడిగేదాన్ని.

ఇక చెక్క. అది టేకు కాదు, పైన టేకు డిజైన్ కాగితం అతికించిన ఎండీఎఫ్, అంటే చెక్క పీచుని జిగురుతో నొక్కి చేసే పలక. మాది కొండపల్లి దగ్గర ఊరు, అక్కడ బొమ్మలు చేసే పొణికి చెక్క చేతిలో పెడితే గుర్తుపడతాను, కానీ ఫోన్‌లో ఫొటో చూసి ఏం తెలుస్తుంది? అంచు చూడండి, అక్కడే బయటపడుతుంది. అసలు చెక్కకి పైనున్న గీతలు అంచు దాకా సాగుతాయి. దీనికి అంచులో ఒక్క గీత లేదు, అట్టముక్కలా ఉంది, లేజర్ కోసినచోట నల్లగా మాడి చేతికి మసి అంటింది. రెండు రోజులు బయట పెట్టినా మాడువాసన పోలేదు. వెనక మూల తడిగుడ్డతో తుడిస్తే ఉబ్బింది కూడా. ఎండీఎఫ్ వాడటం తప్పని నేననను, చెక్కడానికి చాలామంది అదే వాడతారు, తక్కువ ధరకి వస్తుంది. కానీ ఎండీఎఫ్ అని చెప్పి అమ్మాలి కదా, టేకు రేటు తీసుకుని ఇదివ్వడం మోసం.

ఫొటోలో నాన్న మొహం నల్లటి మచ్చలా వచ్చింది. ముదురు రంగు చెక్క మీద కాలిన గుర్తు తేలదు, ఫొటో అయితే లేతరంగు చెక్కే తీసుకోవాలని ఆ అన్నే చెప్పాడు.

అడిగితే 'కస్టమైజ్డ్ ఐటమ్ మేడమ్, రిటర్న్ లేదు' అన్నారు. మూడోసారి మెసేజ్ పెట్టేసరికి బ్లాక్ చేశారు. ఈ మాటకి భయపడి ఊరుకోకండి. చెప్పిన వస్తువు ఒకటి, పంపింది ఇంకొకటి అయితే వెనక్కి తీసుకోనని అమ్మేవాళ్లు అనకూడదని 2020 ఈ-కామర్స్ నియమాల్లోనే ఉంది. నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లైంట్ ఇచ్చాను, స్క్రీన్‌షాట్లు, యూపీఐ రసీదు అన్నీ దాచాను. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను, మనం ఉండే జిల్లాలోనే వేయొచ్చు, వస్తువుకి కట్టిన డబ్బు 5 లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు.

షష్టిపూర్తి రోజు అమ్మ చేతిలో పెట్టడానికి నా దగ్గర ఏమీ లేకుండా పోయింది, డబ్బు కన్నా నాకు అదే బాధ.

ఇప్పుడు పక్క ఊళ్లో మెషిన్ ఉన్న ఒకాయన దగ్గర మళ్లీ చేయిస్తున్నాను. సగం అడ్వాన్స్ ఇచ్చాను, అమ్మ పేరు ఒక్కటీ తుక్కు ముక్క మీద ముందు చెక్కించి చూశాకే మిగతాది మొదలుపెట్టమన్నాను. దూరం నుంచి ఆర్డర్ ఇచ్చేవాళ్లు కూడా ఇలాగే అడగండి, చెక్కిన ముక్కనీ దాని అంచునీ వీడియో తీసి పంపమనండి, పంపనంటే మిగతా డబ్బు కట్టకండి.