ఇంటెల్, టీఎస్‌ఎంసీ, శామ్‌సంగ్: చిప్‌ను చిన్నది చేయడంలో ఎవరి దారి మేలు?

ఒకే చిప్‌ను ఇద్దరి చేత చేయించి చూస్తే ఎవరి పనితనం ఏమిటో తెలిసిపోతుంది. 2022లో అలాంటిదే జరిగింది. ఫోన్ చిప్‌లు డిజైన్ చేసే క్వాల్‌కామ్ తన స్నాప్‌డ్రాగన్ 8 జెన్ 1 చిప్‌ను శామ్‌సంగ్ దగ్గర 4 నానోమీటర్ ప్రాసెస్ అనే తయారీ పద్ధతిలో చేయించింది. ఫోన్లు వేడెక్కుతున్నాయని ఫిర్యాదులు వచ్చాయి. ఆ మే నెలలోనే దాదాపు అదే డిజైన్‌ను తైవాన్ కంపెనీ టీఎస్‌ఎంసీ 4 నానోమీటర్‌కు మార్చి, 8 ప్లస్ జెన్ 1 పేరుతో ప్రకటించింది. క్లాక్ స్పీడ్ 3 నుంచి 3.2 గిగాహెర్ట్జ్‌కు పెరిగింది. అయినా కరెంటు వాడకంలో 30 శాతం దాకా మెరుగు కనిపించిందని క్వాల్‌కామే చెప్పింది. రెండింటి మీదా ఉన్నది అదే 4.

అందుకే నానోమీటర్ అంకె చూసి ఎవరు గొప్పో తేల్చకండి. ఒకప్పుడు ఆ అంకెకూ ట్రాన్సిస్టర్ (చిప్‌లోని బుల్లి స్విచ్) గేటు (ఆ స్విచ్‌ను నడిపే భాగం) పొడవుకూ సంబంధం ఉండేది. ఇప్పుడది పేరు మాత్రమే. టీఎస్‌ఎంసీ 3 నానోమీటర్ చిప్‌లో కూడా ఒక గేటు నుంచి పక్క గేటుకు దూరం 40 నానోమీటర్ల పైనే ఉంటుంది.

ఇంటెల్ కథ నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. 2014లో 14 నానోమీటర్ చిప్‌లతో అందరికంటే ముందున్న కంపెనీ అది. 10 నానోమీటర్‌ను 2016కల్లా తేవాలనుకుంది. చిప్ మీద గీతలు గీసేది కాంతితోనే. కానీ చేతిలో ఉన్నది 193 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న కాంతి. దాంతో అంత సన్నని గీతలు నేరుగా పడవు. మొద్దు సుద్దముక్కతో సన్న ముగ్గు వేయాలంటే ఏం చేస్తాం? ఒక గీత గీసి, దాని రెండు అంచుల వెంటా సన్నగా మళ్లీ గీసి, మధ్యలో మొదటి గీతను చెరిపేయాలి. ఒక గీత ఉన్నచోట రెండవుతాయి. ఇంకోసారి చేస్తే నాలుగు. ఫ్యాబ్‌లో, అంటే చిప్ ఫ్యాక్టరీలో, చేసేదీ ఇదే. ఎక్కడైనా ఒక గీత కాస్త పక్కకు జరిగితే ఆ చిప్ పోయినట్టే. ఇంత కష్టం ఉండగానే ఇంటెల్ సాంద్రతను, అంటే అంతే చోట్లో పట్టే ట్రాన్సిస్టర్ల సంఖ్యను, 2.7 రెట్లు పెంచాలనుకుంది. సన్న తీగలకు రాగి బదులు కోబాల్ట్ వాడింది, తీగను ట్రాన్సిస్టర్‌తో కలిపే కాంటాక్టును గేటు మీదికే ఎక్కించింది. అన్నీ ఒకేసారి! 2018లో పేరుకు ఒక చిప్ బయటికొచ్చింది, అసలైన ల్యాప్‌టాప్ చిప్‌లు 2019లో గానీ రాలేదు.

టీఎస్‌ఎంసీకి కూడా 2018లో ఉన్నది ఆ 193 కాంతే. కాకపోతే లక్ష్యం కాస్త తక్కువ పెట్టుకుంది. దాని 7 నానోమీటర్‌లో చదరపు మిల్లీమీటరుకు దాదాపు 9 కోట్ల ట్రాన్సిస్టర్లు, ఇంటెల్ 10లో దాదాపు 10 కోట్లు. అంటే కాగితం మీద ఇంటెలే పైచేయి. కానీ టీఎస్‌ఎంసీ చిప్‌లు టైముకు, కావలసినన్ని వచ్చాయి. 2019లో ఏఎండీ కంపెనీ రైజెన్ 3000 ప్రాసెసర్లతో ఇంటెల్‌కు గట్టి పోటీ ఇచ్చింది ఆ 7 నానోమీటర్ బలంతోనే.

తర్వాత ఈయూవీ, అంటే ఇంకా చిన్న తరంగదైర్ఘ్యపు అతినీలలోహిత కాంతితో గీతలు గీసే యంత్రం, వచ్చింది. నెదర్లాండ్స్‌లోని ఏఎస్‌ఎంఎల్ తప్ప ఆ యంత్రాన్ని ఎవరూ అమ్మరు. లోపల సెకనుకు 50 వేల తగరపు బిందువులు రాలుతుంటాయి, ఒక్కొక్కదాన్నీ లేజర్ కొట్టి ప్లాస్మాగా మారుస్తుంది. అందులోంచి వచ్చే 13.5 నానోమీటర్ల కాంతిని గాజు కూడా మింగేస్తుంది, గాలి కూడా మింగేస్తుంది. కాబట్టి లెన్సులుండవు, వాక్యూమ్‌లో అద్దాలే దారి చూపిస్తాయి. దీన్ని కూడా టీఎస్‌ఎంసీ ముందు 7 ప్లస్‌లో కొన్ని పొరలకే వాడి చేయి అలవాటు చేసుకుంది. 5 నానోమీటర్‌లో పెంచింది.

శామ్‌సంగ్ మాత్రం ముందుగా దూకే రకం. 2022 జూన్‌లో, గేటు, కరెంటు పారే చానల్‌ను నాలుగు వైపులా చుట్టేసే కొత్త ట్రాన్సిస్టర్‌తో 3 నానోమీటర్ ఉత్పత్తి అందరికంటే ముందే మొదలుపెట్టింది. టీఎస్‌ఎంసీ 3 నానోమీటర్‌లోనూ, గేటు మూడు వైపులే చుట్టే పాత ఫిన్‌ఫెట్ ట్రాన్సిస్టర్‌తోనే సరిపెట్టుకుంది. చివరికి ఆపిల్ ఐఫోన్ చిప్ ఏ17 ప్రో టీఎస్‌ఎంసీలోనే తయారైంది. 2025లో గూగుల్ ఫోన్ చిప్ టెన్సర్ కూడా శామ్‌సంగ్‌ను వదిలి అక్కడికే వెళ్లింది. ఫౌండ్రీ (చిప్ తయారుచేసిపెట్టే కంపెనీ) మారితే డిజైన్ రూల్స్ మారతాయి, లేఅవుట్ మళ్లీ చేయాలి. హైదరాబాద్‌లో ఫిజికల్ డిజైన్ (ఆ లేఅవుట్ పని) చేసేవాళ్లను అడగండి, టేపౌట్ ముందు, అంటే డిజైన్‌ను ఫ్యాబ్‌కు పంపేముందు, అది ఎంత టెన్షనో చెబుతారు. ఆ ఖర్చుకూ శ్రమకూ సిద్ధపడి మరీ కస్టమర్లు మారుతున్నారు.

ఇప్పటికి ఆర్డర్ ఇవ్వాల్సింది నేనే అయితే టీఎస్‌ఎంసీకే ఇస్తాను. అయినా ఇంటెల్ కొత్త ప్రాసెస్ 18ఏ మీద నాకు ఆశ ఉంది. అందులోనూ రెండు కొత్తవి కలిసి వస్తున్నాయి: చుట్టూ గేటు ఉండే ట్రాన్సిస్టర్, చిప్ వెనక వైపు నుంచి కరెంటు ఇవ్వడం. కానీ ఈసారి వెనక కరెంటును ముందుగా పాత ఫిన్‌ఫెట్ టెస్ట్ చిప్‌లో పెట్టి, 2023లోనే ఫలితాలు చూపించింది. 10 నానోమీటర్ అప్పుడు చేయని పని ఇదే. అరిజోనా ఫ్యాబ్‌లో ఆ 18ఏ చిప్‌లు ఇప్పుడు తయారవుతున్నాయి. అవి నిలబడాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను. ఎందుకంటే ప్రపంచంలోని మేటి చిప్‌లలో ఎక్కువ భాగం ఇవాళ ఒక్క తైవాన్ దీవి మీదే ఆధారపడి ఉన్నాయి.