బరోక్, క్లాసికల్, రొమాంటిక్: కర్ణాటక శ్రోత ముందు వినవలసింది ఏది?

కర్ణాటక సంగీతం వింటూ పెరిగినవారు పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం వినాలనుకుంటే, మొజార్ట్‌తోనో బెతోవెన్ సింఫొనీలతోనో (పెద్ద వాద్యబృందం కోసం రాసిన రచనలతోనో) మొదలుపెట్టమని చాలామంది సలహా ఇస్తారు. సుమారు 1600 నుంచి 1750 దాకా సాగిన బరోక్, ఆ తరువాత 1820ల వరకు నడిచిన క్లాసికల్, 19వ శతాబ్దాన్ని ఏలిన రొమాంటిక్ శైలులను పక్కపక్కన పెట్టి వింటే, మన చెవికి అన్నిటికన్నా దగ్గరి దారి బరోక్ అనే నేను గట్టిగా నమ్ముతాను.

బరోక్ రచనలో ఒక భాగం ఏ భావంతో మొదలవుతుందో సాధారణంగా అదే భావంతో ముగుస్తుంది. లయ నిలకడగా నడుస్తుంది. అడుగున మంద్రస్వరాల వరుస ఒకటి ఆధారంగా సాగుతూనే ఉంటుంది. జర్మనీలోని న్యూరెంబర్గ్‌కు చెందిన స్వరకర్త పాకెల్‌బెల్ రాసిన డీ మేజర్ కానన్‌నే తీసుకుందాం. మన శంకరాభరణంలో చెప్పాలంటే, అందులో 'స ప ద గ మ స మ ప' అనే ఎనిమిది స్వరాలు అడుగున 28 సార్లు తిరిగి వస్తాయి. వాటి మీద మొదటి వయొలిన్ ఎత్తుకున్న వరుసనే ఒక ఆవర్తం తరువాత రెండవది, మరొక ఆవర్తం తరువాత మూడవది అందుకుంటాయి. నెమ్మదిగా మొదలైన స్వరాలు క్రమంగా చిన్నవై, వేగం పుంజుకుంటాయి. పల్లవి మీద సంగతులు ఒకటొకటిగా పెరగడం విన్నవారికి ఈ అల్లిక ఎవరూ విప్పి చెప్పకుండానే పట్టుబడుతుంది.

అయితే బరోక్ అనగానే జర్మన్ స్వరకర్త బాఖ్ ఫ్యూగులలోకి దిగడం మంచిది కాదు. మూడు నాలుగు గానరేఖలు సమాన హోదాలో ఒకేసారి నడిచే ఆ రచనలకు, ఒకే గానరేఖకు అలవాటుపడిన చెవి కొంతకాలం తర్ఫీదు పొందాలి. ఒంటరి చెల్లో (మంద్రంగా పలికే పెద్ద వయొలిన్ వంటి వాద్యం) కోసం ఆయన రాసిన సూట్లు, అంటే చిన్న చిన్న భాగాల మాలికలు, ముందు వినాలి. అక్కడ వాద్యం ఒక్కటే, చాలావరకు గానరేఖ కూడా ఒక్కటే.

క్లాసికల్ శైలి పైకి తేటగా వినిపిస్తుంది గాని, మనకు అసలు చిక్కు అక్కడే ఎదురవుతుంది. మొజార్ట్ 1788లో రాసిన 40వ సింఫొనీ జీ మైనర్‌లో, అంటే జీ స్వరం ఆధార షడ్జమంగా ఉన్న దిగులు వరుసలో, 'ద ప ప, ద ప ప' అని నిట్టూర్చినట్టు మొదలవుతుంది. కాసేపటికి రెండవ ఇతివృత్తం వచ్చేసరికి ఆధార షడ్జమమే బీ ఫ్లాట్‌కు మారిపోతుంది. నడిమి భాగంలో మరెక్కడెక్కడికో తిరిగి, చివరికి ఆ రెండవ ఇతివృత్తం కూడా జీ మైనర్‌లోనే, దిగులుగా తిరిగి వస్తుంది. ఈ ప్రయాణమే రచనకు ప్రాణం. కచేరీ మొత్తం ఒకే శ్రుతి మీద నిలిపి, గ్రహభేదాన్ని (షడ్జమాన్ని మరో స్వరానికి మార్చి పాడటాన్ని) అరుదైన అలంకారంగా మాత్రమే ఎరిగిన శ్రోతకు ఇల్లు ఎక్కడుందో తెలియక, రాగం చెదిరినట్టనిపిస్తుంది. అందుకే దీన్ని రెండవ మెట్టుగా ఉంచాలి. పాశ్చాత్యుల నిర్మాణకౌశలం పూర్తిగా తెలియాలంటే మాత్రం ఈ మెట్టు ఎక్కక తప్పదు.

రొమాంటిక్ శైలిలో ఉద్వేగం వెంటనే తాకుతుంది గనుక అదే సులువని చాలామంది అనుకుంటారు. కాని 1865లో తొలిసారి ప్రదర్శితమైన వాగ్నర్ ఒపెరా 'ట్రిస్టన్ ఉండ్ ఇసోల్డ'లో, మొదట్లో వినిపించే, కుదురుకోని స్వరమేళపు తృష్ణ చివరిదాకా తీరదు. ఆధార స్వరం ఎప్పుడు వస్తుందా అని గంటల తరబడి ఎదురుచూడగల ఓపిక మొదటి పరిచయంలో ఎవరికీ ఉండదు.

సాహిత్యమే ప్రాణమనుకునేవారికి మాత్రం నా వరుస వర్తించదు. వారు నేరుగా షూబర్ట్ పాటలకు వెళ్ళవచ్చు. 1815లో, 18 ఏళ్ళ వయసులో, గోథే పద్యానికి ఆయన కట్టిన 'ఎర్ల్‌కోనిగ్' సుమారు నాలుగు నిమిషాల పాట. పియానో మీద కుడిచెయ్యి గుర్రపు డెక్కల చప్పుడును ఆపకుండా మోగిస్తుంటే, కథకుడిని, తండ్రిని, భయపడే పిల్లవాడిని, వాడిని పిలిచే భూతరాజును ఒకే గాయకుడు పలికిస్తాడు.